చీమల పుట్టలో డూప్లెక్స్

ఈమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. కొనడానికి కాదు లెండి, అంత సీను లేదు. గుంటూరు జిల్లావాడు, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, వాల్ స్ట్రీట్‌లో మంచి ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకడు "ఊరికే చూసొద్దాం రా అన్నా, నీకు పాత బిల్డింగులంటే ఇష్టం కదా" అని లాక్కెళ్ళాడు. న్యూయార్క్‌లో సోహో అనే పేట. గ్రీన్ స్ట్రీట్. పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన పోత ఇనుప భవనం. దాని పై రెండు అంతస్తులూ కలిపి ఒకే ఇల్లు. దాన్నే డూప్లెక్స్ లాఫ్ట్ అంటారు.

ఇల్లు బాగుంది. అబద్ధమెందుకు? మనిషికి మూడింతల ఎత్తున కిటికీలు. వరసగా ఇనప స్తంభాలు. గదికీ గదికీ మధ్య గోడల్లేని హాలు, మన ఊళ్ళో పెళ్ళి పందిరంత. మధ్యలోంచి పైకి ఉక్కు మెట్లు. పైన పడక గదులు, ఆపైన డాబా. వంటింటి పక్కన గోడకి ఒక పెద్ద ఇనప చక్రం బిగించి ఉంది. ఒకప్పుడు సరుకు పైకి లాగిన కప్పీ అట. ఇప్పుడది అలంకారం.

నేల పాతకాలం చెక్క. అక్కడక్కడా నల్లటి మరకలు. "ఇవేమిటి?" అని అడిగాను. "మెషీన్ల నూనె మరకలు. ఒరిజినల్. కావాలనే పోగొట్టకుండా ఉంచాం" అంది ఇల్లు చూపిస్తున్న ఏజెంటమ్మాయి, గర్వంగా. "ఏ మెషీన్లు? ఎవరు నడిపేవాళ్ళు?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వేసి "అదంతా తెలీదు గానీ, ఫ్లోర్ మాత్రం హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్" అంది.

మరకకి ధర ఉంది. మరక చేసిన మనిషికి పేరు కూడా లేదు. సరే, ఇది పాత కథే అనుకుని బయటకొచ్చాం.

అసలు విషయం తిరుగు రైల్లో జరిగింది. న్యూజెర్సీలో మా ఇద్దరిదీ ఒకే టౌన్‌షిప్. అక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పిటిషన్ వచ్చింది. మా ఊళ్ళో కట్టబోయే అఫర్డబుల్ హౌసింగ్ కాంప్లెక్సుని ఆపమని సంతకాల సేకరణ. మావాడు చదివాడు, సంతకం పెట్టేశాడు, నాకు ఫార్వర్డ్ చేశాడు, అంతా ఒక్క నిమిషంలో. "ఏంట్రా అంత తొందర?" అంటే ఇలా అన్నాడు: "ఎవరి స్తోమతని బట్టి వాళ్ళకి మార్కెట్టే ఇల్లిస్తుంది అన్నా. మధ్యలో గవర్నమెంటు దూరడమెందుకు? ఇందాక చూసిన ఇల్లు చూడు. ఎవరి సాయం లేకుండా మార్కెట్ చేసిన అద్భుతం."

ఆ మాటకి జవాబే ఈ వ్యాసం. ఇది మావాడొక్కడి మాటయితే వాడితోనే తేల్చుకునేవాణ్ణి. కానీ ఆ పిటిషన్ మీద సంతకాలు చూస్తే సగం మనవాళ్ళవే. అందుకని అందరికీ రాస్తున్నాను. నేను చెప్పేది ఒకటే: మేం చూసిన ఆ ఇంట్లో ప్రభుత్వం దూరని అంగుళం లేదు. దాన్ని మార్కెట్ చేయలేదు. చట్టాలు చేశాయి, పన్ను రాయితీలు చేశాయి, వీధి పోరాటాలు చేశాయి, చావులు కూడా చేశాయి. మార్కెట్ చివర్లో వచ్చి బోర్డు తగిలించింది.

*

ముందు ఆ కిటికీల సంగతి చూద్దాం. ఏజెంట్లు "సహజమైన వెలుతురు" అని మురిపెంగా చెప్పే ఆ కిటికీలు అంత పెద్దవి ఎందుకయ్యాయి? ఈ భవనాలు ఎక్కువగా 1850ల నుంచి 1880ల మధ్య లేచాయి. అప్పటికి కరెంటు దీపాలు లేవు, లేదా అప్పుడప్పుడే వస్తున్నాయి. లోపల సరుకు చూడాలన్నా, బట్ట కుట్టాలన్నా పగటి వెలుగే గతి. ముందు భాగాన్ని రాతితో కడితే గోడ మందంగా ఉండాలి, కిటికీ చిన్నదవుతుంది. ఇనుమును ఫౌండ్రీలో పోతపోసి ముక్కలు తెచ్చి బోల్టులతో బిగిస్తే సన్నటి స్తంభాల మధ్య అంతా అద్దమే పెట్టొచ్చు. ఖర్చూ తక్కువ, పనీ త్వరగా అయిపోతుంది. అంటే ఇవి రాజమహళ్ళు కావు. ఆ కాలపు గోడౌన్లు. కాలిబాటలో గుండ్రటి గాజు బిళ్ళలు పొదిగి ఉంటాయి, అవి కూడా కింద నేలమాళిగలో పనిచేసేవాళ్ళకి కాస్త వెలుతురు దిగడానికే. బ్రాడ్‌వే మీద హావౌట్ బిల్డింగ్ అని ఒకటుంది. 1857లో ఎలీషా ఓటిస్ మనుషులెక్కే లిఫ్టుని పెట్టింది అందులోనే. అదీ పింగాణీ సామాన్ల కొట్టు.

తర్వాత ఈ లాఫ్టుల్లోకి కుట్టు కార్ఖానాలు వచ్చాయి. మేం ఇల్లు చూసిన గ్రీన్ స్ట్రీట్‌లోనే ఉత్తరంగా నడిచి, హ్యూస్టన్ స్ట్రీట్ దాటి ఇంకాస్త వెళ్తే వాషింగ్టన్ ప్లేస్ మూల మీద పదంతస్తుల భవనం ఒకటి కనిపిస్తుంది. అప్పట్లో దాని పేరు యాష్ బిల్డింగ్. పై మూడంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ ఆడవాళ్ళ బ్లౌజులు కుట్టించేది. 1911 మార్చి 25, శనివారం, పని ముగిసే వేళ నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం వేసి ఉంది. ఫైర్ డిపార్ట్‌మెంట్ నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. పదో అంతస్తులో ఉన్న యజమానులు కప్పు మీదికెక్కి బయటపడ్డారు. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇటలీ నుంచీ, తూర్పు ఐరోపా యూదు కుటుంబాల నుంచీ వలసొచ్చిన ఆడపిల్లలు. వాళ్ళలో 14 ఏళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. యజమానుల మీద నేరం రుజువు కాలేదని కోర్టు వదిలేసింది.

ఆ భవనం "నిప్పంటుకోని భవనం" అని పేరుపడ్డది. నిజమే, భవనం కాలలేదు. ఇప్పటికీ ఉంది, న్యూయార్క్ యూనివర్సిటీ వాడుకుంటోంది. కాలింది లోపలి మనుషులు. చనిపోయినవాళ్ళ పేర్లతో గోడ మీద స్మారకం రావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ మంటల తర్వాతే న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేసింది. తలుపులు బయటికి తెరుచుకోవాలనీ, పని వేళల్లో తాళం వేయకూడదనీ, ఫైర్ డ్రిల్ జరపాలనీ చట్టాలొచ్చాయి. ఆ రోజు రోడ్డు మీద నిలబడి ఆ చావులు కళ్ళారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1933లో ఈ దేశానికి కార్మిక శాఖ మంత్రి అయింది. ఆఫీసులో ఫైర్ అలారం మోగినప్పుడు విసుక్కుంటూ పదంతస్తులు దిగుతాం చూడండి, ఆ విసుగు మనకి వాళ్ళిచ్చిన ఆస్తి. గవర్నమెంటు మధ్యలో దూరడమంటే అదీ.

*

ఇప్పుడు సోహో ఆస్తిగా ఎలా మారిందో చూద్దాం. వరసగా చెప్తాను, ప్రభుత్వం ఎన్నిసార్లు దూరిందో మీరే లెక్కపెట్టుకోండి.

1950ల నాటికి ఈ పేటకి ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు "నరకపు నూరెకరాలు". 1958 ఫిబ్రవరిలో వూస్టర్ స్ట్రీట్ లాఫ్ట్ తగలబడి కూలితే మంటలార్పడానికి వెళ్ళిన ఆరుగురు చనిపోయారు. మరుసటి నెల బ్రాడ్‌వే మీద లోదుస్తుల కార్ఖానా మంటల్లో 24 మంది పోయారు. ఇంకోపక్క రాబర్ట్ మోసెస్ అనే మహా ఇంజనీర్ల ఏలిక ఈ పేట మీదుగా పెద్ద ఎక్స్‌ప్రెస్ హైవే వేయిస్తానని పట్టుబట్టాడు. మేం చూసిన భవనాల్లాంటివెన్నో ఆ దారిలో నేలమట్టం కావాల్సినవే. జేన్ జేకబ్స్, ఆమెతోపాటు ఆ చుట్టుపక్కల మామూలు జనం ఏళ్ళ తరబడి అడ్డుపడ్డారు. 1968లో ఒక హియరింగ్‌లో ఆమెను అరెస్టు కూడా చేశారు. 1969లో నగరం ఆ రోడ్డుని రద్దు చేసింది. ఆ పోరాటం ఓడిపోయి ఉంటే మావాడు మెచ్చుకున్న హాలు మీదుగా ఇవాళ లారీలు పోతుండేవి.

1963లో చెస్టర్ రాప్‌కిన్ అనే ఆచార్యుడు నగరం కోసం ఈ పేట మీద ఒక నివేదిక రాశాడు. పనికిరాని పాత కొంపలని అందరూ అనుకుంటున్నచోట చిన్న చిన్న పరిశ్రమలు బతికే ఉన్నాయనీ, వాటిలో పనిచేసేవాళ్ళలో నల్లవాళ్ళు, ప్యూర్టోరికన్లు ఎక్కువనీ, వీటిని పడగొడితే వాళ్ళకి వేరే దారి లేదనీ చెప్పాడు. మరకల వెనక మనుషులు ఎవరని ఏజెంటమ్మాయిని అడిగాను కదా, జవాబు ఆ నివేదికలో ఉంది.

ఖాళీ అయిన అంతస్తుల్లోకి కళాకారులు చేరారు. అద్దె తక్కువ, వెలుతురు ఎక్కువ. కానీ అక్కడ కాపురముండడం చట్టవిరుద్ధం. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే మంచాలు దాచేవాళ్ళు. వాళ్ళు సంఘం పెట్టి పోరాడాక, లోపల కళాకారుడు నివసిస్తున్నాడని ఫైర్ వాళ్ళకి తెలిసేలా బయట బోర్డు పెట్టుకోవడానికి 1960ల మొదట్లో నగరం ఒప్పుకుంది. 1967లో జార్జ్ మాచునాస్ 80 వూస్టర్ స్ట్రీట్ భవనంలో కళాకారుల సహకార సంఘం మొదలుపెట్టాడు. 1971లో జోనింగ్ చట్టం మార్చి, సాంస్కృతిక శాఖ సర్టిఫికెట్ ఇచ్చిన కళాకారులు సోహో లాఫ్టుల్లో నివసించవచ్చని అధికారికంగా అన్నారు. 1973లో నగరం ఆ పేటని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అంటే పడగొట్టకూడదు, ముందు భాగం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. "హిస్టారిక్ బిల్డింగ్" అని ఏజెంటు బ్రోషర్లో బంగారు అక్షరాలతో వేసుకుంది చూశారూ, ఆ బిరుదు ఇచ్చింది మార్కెట్ కాదు, సర్కారు.

ఇక డబ్బు సంగతి. జే-51 అని న్యూయార్క్‌లో ఒక పన్ను రాయితీ ఉంది. 1955లో పెట్టారు. ఉద్దేశం చాలా మంచిది. వేణ్ణీళ్ళు, వేడి సదుపాయం లేని పేదల అద్దె ఇళ్ళని యజమానులు బాగుచేయిస్తే వాళ్ళకి పన్నులో తగ్గింపు. 1975లో దాన్ని ఫ్యాక్టరీలూ గోడౌన్లూ ఇళ్ళుగా మార్చడానికి కూడా విస్తరించారు. బాగుచేసినందువల్ల పెరిగిన విలువ మీద పన్ను లేదు, పాత పన్నులోనూ కోత. ఇంకేముంది? కార్ఖానాకి అద్దెకివ్వడం కంటే ఖాళీ చేయించి ఇళ్ళు చేస్తేనే లాభం. పేదవాడి వేణ్ణీళ్ళ కోసం పెట్టిన రాయితీ పెద్దవాడి మార్బుల్ బాత్‌రూమ్‌కి చేరింది. ఆ తర్వాత దానికి కళ్ళెం వేశారు గానీ అప్పటికే జరగాల్సింది జరిగింది. షారన్ జూకిన్ 1982లో రాసిన 'లాఫ్ట్ లివింగ్' అనే పుస్తకం ఈ మార్పునంతా విప్పి చూపిస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు చదవండి.

అదే 1982లో లాఫ్ట్ చట్టం వచ్చింది. నివాస యోగ్యత పత్రాలు లేని లాఫ్టుల్లో ఉంటున్న అద్దెదారులకి రక్షణ, భవనాన్ని కోడ్ ప్రకారం బాగుచేయాల్సిన బాధ్యత యజమానిది. అదీ పోరాడి తెచ్చుకున్నదే.

లెక్కపెట్టారా? ఫైర్ కోడ్, హైవే రద్దు, జోనింగ్, చారిత్రక హోదా, పన్ను రాయితీ, అద్దెదారుల చట్టం. ఇన్ని చేతులు పడితే ఆ ఇల్లయింది. "ఎవరి సాయం లేకుండా" అట!

*

ఇందులో ఇంకో వినోదం ఉంది. 1971 నియమం ప్రకారం ఆ లాఫ్టుల్లో సర్టిఫికెట్ ఉన్న కళాకారులే ఉండాలి. మరి లాయర్లూ బ్యాంకర్లూ ఎలా కొన్నారు? కొనేటప్పుడు "ఈ నియమం ఉందని నాకు తెలుసు, ఏదైనా జరిగితే బాధ్యత నాదే" అని ఒక ఉత్తరం రాసిచ్చేవాళ్ళు. దానికి "సోహో లెటర్" అని ముద్దుపేరు కూడా ఉంది. నగరం దశాబ్దాల పాటు చూసీ చూడనట్టు ఊరుకుంది. గుంటూరు జిల్లాలో కాలవగట్టు పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడి పని ఆక్రమణ. తెల్లారేసరికి బుల్డోజర్ వస్తుంది. కోట్లు పెట్టి నియమం తప్పినవాడి పని మాత్రం లాయర్ల భాషలో "గ్రే ఏరియా". గుడిసెవాడికి ఏ ఉత్తరమూ లేదు.

2021 డిసెంబర్లో నగర కౌన్సిల్ సోహో జోనింగ్‌ని మార్చింది. కొత్తగా ఇళ్ళు కట్టనివ్వాలి, వాటిలో కొంత భాగం తక్కువ ఆదాయం వాళ్ళకి కేటాయించాలి అన్నది సారాంశం. పాత లాఫ్టుల్ని సర్టిఫికెట్ అక్కర్లేని మామూలు ఇళ్ళుగా మార్చుకోవచ్చు, కాకపోతే చదరపు అడుగుకి 100 డాలర్లు కళల నిధికి కట్టాలని కూడా అందులో పెట్టారు. గొడవ మొదలైంది. వ్యతిరేకించినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టను. పాత అద్దెదారులు చెదిరిపోతారని, చైనాటౌన్ అంచున ఉన్న పేదలకి ముప్పని భయపడ్డవాళ్ళున్నారు. ముసలితనంలో ఇంత ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలన్న కళాకారులున్నారు. వాళ్ళ మాటలో న్యాయముంది. కానీ వాళ్ళ వెనకే నిలబడి "చారిత్రక వాతావరణం దెబ్బతింటుంది" అన్న సంపన్నులు కూడా ఉన్నారు. ఏ చరిత్ర? ఆ పేట చరిత్ర అంటేనే తక్కువ కూలికి పనిచేసిన వలసవాళ్ళ చరిత్ర. ఆ చరిత్రని కాపాడాలంటే అలాంటివాళ్ళకి అక్కడ ఇల్లు దొరకకూడదా? నూనె మరకకి చోటుంది, మనిషికి లేదు!

మన పెద్దవాళ్ళు ఇలాంటిదానికే చీమలు పెట్టిన పుట్టలో పాము చేరిందనేవాళ్ళు. ఈ పాము ఇంకో ఆకు ఎక్కువ చదివింది. చేరడంతో ఆగకుండా, పుట్ట చాలా పురాతనమైనదనీ, చీమలు వస్తే దాని అందం చెడుతుందనీ పిటిషన్ పెడుతుంది.

*

ఇక్కడ మావాడి తరఫున వాదించేవాళ్ళ మాటలు కూడా విందాం.

"పాత భవనం కూలిపోవడం కంటే ఎవరో ఒకరు బాగుచేసుకుని ఉండడం మేలు కదా?" మేలే. ఆ భవనాలు నిలిచినందుకు నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. డూప్లెక్స్ కొన్నవాణ్ణి దొంగ అనడం లేదు. డబ్బుంది, కొన్నాడు. జనం పోరాడి నిలిపిన దాన్ని తన సొంత ప్రతిభ అనుకోవద్దంటున్నాను.

"ఫ్యాక్టరీలు ఎలాగూ పోయేవే కదా?" చాలావరకు పోయేవే. ఆరంతస్తుల మీదికి సరుకు మోసే కార్ఖానా, ఊరి బయట ఒకే అంతస్తులో ట్రక్కు నేరుగా గుమ్మంలోకొచ్చే కార్ఖానాతో పోటీపడలేదు. పనులు దక్షిణాది రాష్ట్రాలకీ, విదేశాలకీ వెళ్ళాయి. కానీ వెళ్ళిపోతున్నవాణ్ణి పన్ను రాయితీ పెట్టి మరీ తొందరపెట్టడం ఏం న్యాయం? కళాకారుడికి సర్టిఫికెట్ ఇచ్చి ఉండనిచ్చిన నగరం, అదే అంతస్తులో ముప్పై ఏళ్ళు మెషీను నడిపిన మనిషికి ఏ సర్టిఫికెట్ ఇచ్చింది?

"అది అమెరికా గొడవ, మనకెందుకు?" మనకే. బొంబాయి గుర్తు తెచ్చుకోండి. గిర్నీలని పిలిచే ఆ నూలు మిల్లుల్లో మరాఠీలతోపాటు తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు తరాలపాటు పనిచేశారు. మీలో కొందరి తాతలు, మేనమామలు ఆ చాళ్ళలో ఉన్నవాళ్ళే. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మె కట్టారు. ఆ సమ్మె గెలవలేదు, మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 1991లో ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. మిల్లు స్థలం అభివృద్ధి చేస్తే మూడోవంతు నగరానికి ఖాళీ స్థలంగా, మూడోవంతు సామాన్యుల ఇళ్ళకి, మిగతా మూడోవంతే యజమానికి. 2001లో దాన్ని సవరించి, భవనాలు లేని ఖాళీ జాగాకే ఆ పంపకం వర్తిస్తుందన్నారు. మిల్లు అంటేనే భవనం, ఇక ఖాళీ జాగా ఎంతుంటుంది? 2005లో బొంబాయి హైకోర్టు కార్మికుల, పౌరుల పక్షాన చెప్పింది. 2006లో సుప్రీం కోర్టు సవరణనే ఖాయం చేసింది. ఫీనిక్స్ మిల్లు షాపింగ్ మాల్ అయింది. దాని పొగగొట్టం మాత్రం అలాగే ఉంచారు. సోహో ఇంట్లో కప్పీ, బొంబాయి మాల్‌లో పొగగొట్టం. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నారు. పుండుని షోకేసులో పెట్టే కాకులొచ్చాయి ఇప్పుడు.

అక్కడా మార్కెట్ ఒంటరిగా గెలవలేదని గమనించండి. ఒక నియమం, ఒక సవరణ, ఒక తీర్పు. ప్రభుత్వం ఎప్పుడూ మధ్యలోనే ఉంది. ఎవరి పక్షాన అన్నదే ప్రశ్న.

*

సరే, మళ్ళీ మా ఊరి పిటిషన్ దగ్గరికి వద్దాం. న్యూజెర్సీలో ఉంటున్న చాలామందికి మౌంట్ లారెల్ అనే పేరు వెనక కథ తెలియదు. ఆ ఊళ్ళో తరతరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలు తమ పిల్లలు అక్కడే ఉండడానికి వీలుగా చిన్న అపార్ట్‌మెంట్లు కట్టుకోనివ్వమని అడిగాయి. 1970లో ఆ ఊరి మేయరు చర్చిలో వాళ్ళముందు నిలబడి, ఇక్కడ ఉండే స్తోమత లేనివాళ్ళు వెళ్ళిపోక తప్పదని చెప్పాడు. ఈథెల్ లారెన్స్ అనే తల్లి, మిగతావాళ్ళు, ఎన్.ఏ.ఏ.సీ.పీ. కలిసి కోర్టుకెళ్ళారు. 1975లో రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పిచ్చింది: జోనింగ్ పేరుతో పేదల్ని ఊరి బయట పెట్టడం కుదరదు, ఎదుగుతున్న ప్రతి టౌన్‌షిప్ తన న్యాయమైన వాటా ఇళ్ళకి చోటివ్వాలి. ఊళ్ళు మొండికేస్తే 1983లో ఇంకా గట్టిగా చెప్పింది.

ఆ ఊళ్ళో ఆ ఇళ్ళు నిజంగా లేవడానికి 2000 దాకా పట్టింది. ఈథెల్ లారెన్స్ అప్పటికి లేదు. ఆమె పేరే పెట్టారు. మొత్తం 140 ఇళ్ళు. కట్టకముందు జనం ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు, మన వాట్సాప్ గ్రూపులో ఉన్నవే: దొంగతనాలు పెరుగుతాయి, ఇళ్ళ ధరలు పడిపోతాయి, స్కూళ్ళు పాడవుతాయి, పన్నులు పెరుగుతాయి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన డగ్లస్ మాసీ బృందం ఏళ్ళ తరబడి పరిశీలించి 2013లో పుస్తకం వేసింది. ఆ ఇళ్ళ వల్ల నేరాలు పెరగలేదు, చుట్టుపక్కల ఇళ్ళ ధరలు పడలేదు, పన్నులు పెరగలేదు. అక్కడ చేరినవాళ్ళ బతుకులు, పిల్లల చదువులు బాగుపడ్డాయి. మనమంతా డేటా మనుషులం కదా! రోజూ ఆఫీసులో "డేటా ఏం చెప్తోంది?" అని అడిగేవాళ్ళం, ఈ డేటా ఎందుకు చూడం?

2024 మార్చిలో ఈ బాధ్యతని స్పష్టం చేస్తూ రాష్ట్రం కొత్త చట్టం చేసింది. 2025 నుంచి 2035 దాకా ప్రతి ఊరి వాటా లెక్క అందులో ఉంది. కొన్ని ఊళ్ళు దాని మీద కోర్టుకెక్కాయి. ఇలాంటి పిటిషన్లు ఇంకా వస్తాయి. ట్రాఫిక్, వరద నీళ్ళు, స్కూల్లో చోటు, ఇవి అడగాల్సిన ప్రశ్నలే, అడగండి. అదే స్థలంలో ఒక్కోటి మిలియన్ డాలర్ల టౌన్‌హౌసులు కడతామంటే కూడా అవే అడగండి. అప్పుడు నోరెత్తనివాళ్ళు ఇప్పుడెత్తితే, అది ట్రాఫిక్ గొడవ కాదని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది.

ఆ ఇళ్ళలోకి ఎవరొస్తారు? మన పిల్లల డేకేర్‌లో పనిచేసే అమ్మాయి. మన నాన్నగారికి గుండెపోటొస్తే అంబులెన్స్‌లో వచ్చే కుర్రాడు. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు కట్టలు సర్దే మన ఆడపడుచు, ఆమె తెలుగావిడే. వీళ్ళ పని మనకి కావాలి. సాయంత్రం ఆరయ్యేసరికి మాత్రం వాళ్ళు మన ఊరి పొలిమేర దాటిపోవాలి. ఈ మాట మన ఊళ్ళల్లో ఒకప్పుడు ఎవరు ఎవరితో అనేవాళ్ళో నేను చెప్పాలా? వెలివాడల్ని ఊరి చివర పెట్టిన బుద్ధిని ఇక్కడికి సూట్‌కేసులో తెచ్చుకుని దానికి "ప్రాపర్టీ వాల్యూ" అని కొత్త పేరు పెట్టుకున్నాం.

ఇంకొక్క మాట. మనం ఈ దేశంలో అడుగుపెట్టగలిగింది 1965లో ఈ దేశపు వలస చట్టం మారినందువల్ల. దాని వెనక నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటముంది. మనలో చాలామంది చదివిన ఆర్.ఇ.సి.లూ, యూనివర్సిటీలూ ప్రజల డబ్బుతో కట్టినవి. మన మొదటి మెట్టు నుంచి ప్రతి మెట్టూ ఎవరో పోరాడి, ఎవరో పన్ను కట్టి వేసిందే. మెట్లెక్కి పైఅంతస్తుకి చేరాక, "ఈ డూప్లెక్స్‌కి మెట్లే లేవు, నేను ఎగిరొచ్చాను" అనడం మనకి శోభనివ్వదు.

మావాడితో ఇదంతా చెప్పాను. "నీతో ఇల్లు చూడ్డానికి రావడమే తప్పన్నా" అన్నాడు నవ్వుతూ. సంతకం వెనక్కి తీసుకున్నాడా అంటే ఇంకా లేదు. "హియరింగ్‌కి వస్తాను, విని నిర్ణయించుకుంటాను" అన్నాడు. వాడి మట్టుకు అది చిన్న సంగతి కాదు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి హియరింగ్ ఈ ఏడో, పై ఏడో ఉంటుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది వద్దనేవాళ్ళే, ఎందుకంటే ఆ ఇళ్ళలోకి రావాల్సినవాళ్ళు అప్పటికి ఆ ఊళ్ళో లేరు, లేనివాళ్ళకి మైకు ఇవ్వరు. కాబట్టి మీరు వెళ్ళండి. మూడు నిమిషాలిస్తారు. పేరు, అడ్రసు చెప్పి, "నేను ఈ ఊళ్ళో ఇంటి యజమానిని, ఈ ఇళ్ళు కట్టమని అడగడానికి వచ్చాను" అనండి. ఆ ఒక్క వాక్యం అనడానికి మూడు నిమిషాలు ఎక్కువే.

పిటిషన్ ఈ వారం మీ ఫోన్‌కి కూడా రావచ్చు. సంతకం పెట్టేముందు ఆ నేల మీది నూనె మరకని ఒక్కసారి తలుచుకోండి.